బుగ్గలు లోతుకు పోతే ఇంప్లాంట్లు పెట్టించుకోవచ్చా?

బరువు తగ్గాక బుగ్గలు పీక్కుపోయాయని, ఇంప్లాంట్లు (బుగ్గ నిండుగా కనిపించేందుకు లోపల ఎముక మీద అమర్చే సిలికాన్ వంటి ముక్కలు) పెట్టించుకోవచ్చా అని అడిగారు. పెట్టించుకోవచ్చు. కానీ మీకు తక్కువైనది ఎముకా, కొవ్వా అన్నది తేలేదాకా ఎక్కడా అడ్వాన్సు కట్టకండి. బరువు తగ్గి దిగిపోయిన ముఖానికి కావలసింది కొవ్వే తప్ప సిలికాన్ కాదని నా గట్టి అభిప్రాయం. పొట్ట నుంచో తొడ నుంచో తీసి ఎక్కించే కొవ్వులో కొంత కరిగిపోతుంది. అయినా అది మన శరీరానిదే.

మా చెల్లెలి సంగతి వేరు. ఆమెకు మొదటినుంచీ చెంప ఎముకలే చదును. విశాఖపట్నంలోనే, రాంనగర్‌లోని ఒక ఆసుపత్రిలో చేయించుకుంది. పడుకుంటే కండ జారుతుందని డాక్టరుగారు ఆమెను కూర్చోబెట్టే ముఖం మీద గీతలు గీశారు. కంటి కింద ఒకచోట వేలితో నొక్కి, పైపెదవికీ ముక్కు పక్కకూ స్పర్శనిచ్చే నరం అక్కడి ఎముక రంధ్రంలోంచే బయటికి వస్తుందనీ, తాము పని చేసేది దాని పక్కనేననీ చెప్పారు. పైపెదవి లోపల, పంటి చిగుళ్లకు పైన కోసి, ఎముకను అంటిపెట్టుకున్న పొర కింద చోటు చేసి, ఇంప్లాంటును అక్కడ అమర్చి స్క్రూతో బిగించారు. బయట మచ్చ పడదని అందరూ మురిసిపోతారు గాని, కోసేది నోట్లో కాబట్టి చీము పట్టే ప్రమాదం ఉంటుందన్న మాటను ఎవరూ గట్టిగా చెప్పరు.

ఇంటికి వచ్చాక అమ్మ చల్లార్చిన రాగిజావ పట్టిస్తుంటే, అది పెదవి అంచు నుంచి కారి నైటీ మీద పడుతున్నా చెల్లెలికి తెలియలేదు. నేను తుడవబోతే ఆమె వేలితో పెదవిని తడుముకొని, అది తనది కానట్టు చూసి, బిక్కమొహం వేసింది. చూడవచ్చిన బంధువులకు జ్ఞానదంతం తీయించామని అమ్మ చెప్పింది. స్పర్శ నెలల మీద మెల్లగా తిరిగి వచ్చింది. ఎడమవైపు కొద్దిగా మొద్దుతనం ఇప్పటికీ ఉందంటుంది. ఇంత పడ్డాక, "చిక్కిపోయావేమమ్మా" అని ఎప్పుడూ దెప్పే మేనత్తే "ఒళ్లు చేశావు" అంది. ఈ పలకరింపులు మానేస్తే సగం ఆపరేషన్లు తగ్గుతాయి.

బ్యూటీ పార్లర్లలో బుగ్గలు నింపే మందును, అంటే ఫిల్లర్‌ను, సూదితో పొడిచేవారి దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఆ మందు పొరపాటున రక్తనాళంలోకి వెళితే చర్మం చచ్చిపోవచ్చు, చూపే పోవచ్చు. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ అనే పై డిగ్రీ చేసిన వైద్యుణ్ణే కలవండి. అందం కోసం చేయించుకునే దానికి ఆరోగ్య బీమా కూడా వర్తించదు.

పెట్టేది ఏ పదార్థమో ముందే అడగండి. సిలికాన్ అయితే నచ్చకపోయినా, చీము పట్టినా తీయడం కొంత సులువు. సన్నని రంధ్రాలుండే పాలిథిలిన్ అయితే కండ అందులోకి అల్లుకుపోతుంది కనుక తీయడం కష్టం. ఇంప్లాంటు పెట్టె మీది స్టిక్కరును డిశ్చార్జి కాగితాల్లో అంటించమని అడిగి, ఆ ఫైలును జాగ్రత్త చేసుకోండి.