తంగేడు బీడులో జేసీబీ దించకు

బిడ్డా,

ఉద్యోగంతో పాటు గుట్ట కింది మన రెండెకరాల బీడును కూడా చూసుకుంటానని, మళ్లీ తంగేడు పూయిస్తానని అన్నావట. మీ తమ్ముడు ఫోన్‌లో చెప్తుంటే గర్వంగా అనిపించింది. ఆ వెంటనే, శుభ్రం చేయడానికి జేసీబీ మాట్లాడావని, నర్సరీలో ఐదొందల చెట్లు ఆర్డర్ ఇచ్చావని కూడా చెప్పాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

విత్తనాల సంగతి తేలికే. కాయలు గోధుమరంగుకు ఎండాక కోసి, గింజలను వేడి నీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టు. వానలు పడగానే నేరుగా నేలలో పెట్టు. తల్లివేరు లోతుకు పోతుంది కాబట్టి పెరిగిన మొక్కను పీకి నాటితే బతకడం కష్టం.

ఇప్పుడు సర్కారు తుమ్మ కమ్ముకున్న చోటు ఒకప్పుడు మన ఊరి పెద్ద బీడు. వానాకాలం చివర మోకాలెత్తు గడ్డి, మధ్య మధ్య పసుప్పచ్చగా తంగేడు పూలు. బతుకమ్మకు మీ నానమ్మ నన్ను అక్కడికే తోలుకుపోయేది. ఏ పొదనూ పూర్తిగా దూయనిచ్చేది కాదు, ‘కాయకు కొంచెం ఉంచు’ అని చేతి మీద కొట్టేది. 1980ల్లో ఊరూరా సామాజిక వనాలు వచ్చాయి. ఆ ఊరి బీడును ఖాళీ భూమి అన్నారు. తంగేడును పిచ్చి పొదలని పీకేసి, వరుసగా గుంతలు తవ్వి నీలగిరి పెట్టారు. మీ నాన్న కూడా పలుగు పట్టాడు, పాపం, ఊరికి మంచి జరుగుతుందనే. చెట్లు ఏపుగా పెరిగాయి. కింద నీడ పడి, రాలిన ఆకు పేరుకుని గడ్డి చచ్చింది. ఎండ లేనిదే తంగేడు పూయదు. గొర్రెల మందలు రావడం మానేశాయి. చెట్లు నరికి అమ్మినా మోళ్లు మళ్లీ చిగురించాయి, సందుల్లో సర్కారు తుమ్మ దిగింది. ఇప్పుడు మన ఆడవాళ్లు పువ్వు కోసం లారీలు పోయే రోడ్డు పక్కన తిరుగుతున్నారు. 2014లో తంగేడు రాష్ట్ర పుష్పమైందని విన్న రోజు నాకు ఆ బీడే గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

మన గుట్ట కింద మన్ను జానెడే. గడ్డి వేర్లే దాన్ని పట్టుకుని ఉన్నాయి. జేసీబీ ఒక్క పూటలో గీకేస్తే తొలి వానకే కొట్టుకుపోతుంది.

తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. అది కేసరాల కొసన ఉన్న చిన్న రంధ్రాల్లోంచి రావాలి. నల్లటి పెద్ద తుమ్మెద పువ్వును పట్టుకుని జుమ్మని అదిరిస్తే రాలుతుంది. ఆ తుమ్మెద ఎండు కట్టెను తొలిచి గూడు పెడుతుంది కాబట్టి గట్టు మీది మొద్దులను పొయ్యిలోకి తేవద్దు. ఆకుల మీద పచ్చ పురుగులు కనిపిస్తే మందు కొట్టకు, సీతాకోకచిలుకలయ్యేవి అవే.

చుట్టూ కంచె వేసి మూసెయ్యకు. గింజ రాలాక గొర్రెలను రానివ్వు. అవి గడ్డి మేస్తాయి, తంగేడును పెద్దగా ముట్టవు. మేయని గడ్డి ఎండాకాలానికి ఎండి నిలబడితే ఒక్క బీడీ ముక్క చాలు. ఇంకో మాట, బూట్లు లేకుండా ఆ గడ్డిలో దిగావని తెలిస్తే ఊరుకోను. రక్తపింజర పక్కనే ఉన్నా కనపడదు. చీకటి పడ్డాక అసలే పోకు తల్లీ, నా ప్రాణం అక్కడే ఉంటుంది.

నర్సరీకి రేపే ఫోన్ చేసి వద్దని చెప్పు. జేసీబీకి ఇచ్చిన అడ్వాన్సు పోతే పోనీ, నేను పంపిస్తాను. దసరాకు వచ్చి సర్కారు తుమ్మ మొలకలు ఎలా ఉంటాయో చూపిస్తాను. పీకాల్సింది వాటినే, అదీ చిన్నగా ఉన్నప్పుడే, వేరుతో సహా.

మీ మేనత్త