విశాఖలో వ్యాపారులకు క్లౌడ్ ఫోన్ సిస్టమ్ అమ్మడానికి సొంత మొబైల్ నంబర్ నుంచి కాల్స్ చేయొచ్చా?

చేయకూడదు. అవతలివాళ్ల సమ్మతి లేకుండా అమ్మకపు కాల్ చేయాలంటే టెలికాం ఆపరేటర్ దగ్గర డీఎల్‌టీలో (వ్యాపార కాల్స్, మెసేజ్‌లు పంపేవాళ్ల నమోదు వ్యవస్థ) నమోదై, 140తో మొదలయ్యే నంబర్ నుంచే చేయాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలు చెప్పేది ఇదే. నంబర్ చూడగానే అమ్మకపు కాల్ అని తెలియాలి, ఎత్తాలో వద్దో అవతలివాళ్లే తేల్చుకోవాలి. అందుకే ఈ ఏర్పాటు. 140 చూస్తే చాలామంది ఎత్తరు, నిజమే. అలాగని పది అంకెల మామూలు నంబర్ వాడితే చిక్కు పెద్దదవుతుంది.

ఉదాహరణకు ద్వారకానగర్‌లో కూర్చుని సొంత సిమ్ నుంచి గాజువాక ఆటోనగర్ షెడ్ల యజమానులకు వరసగా ఫోన్లు కొట్టారనుకోండి. వాళ్లు మీ నంబర్, కాల్ వచ్చిన తేదీ చెప్పి 1909కి ఫిర్యాదు చేస్తారు. అందుకు 7 రోజుల గడువుంది. 2025 సవరణ ప్రకారం 10 రోజుల్లో 5 ఫిర్యాదులొస్తే చర్య మొదలవుతుంది. విచారణలో తప్పు తేలితే మొదటిసారి 15 రోజులు అవుట్‌గోయింగ్ బంద్. మళ్లీ దొరికితే మీ పేరున్న కనెక్షన్లన్నీ ఏడాదిపాటు కట్, ఆఫీసుల్లో ఒకేసారి చాలా కాల్స్ నడిపే పీఆర్ఐ, సిప్ లైన్లతో సహా. ఫోన్ సిస్టమ్ అమ్మేవాడికే లైన్ లేకుండా పోతుందన్నమాట!

'షాపు బోర్డు మీద నంబర్ రాసుకున్నారు, డీఎన్‌డీ (అమ్మకపు కాల్స్ వద్దని చేసుకునే నమోదు) కూడా పెట్టుకోలేదు, కాబట్టి ఫర్వాలేదు' అనుకోవడం మామూలు పొరపాటు. బోర్డు మీద నంబర్ ఉంటే సమ్మతి ఇచ్చినట్టు కాదు. నమోదు కాని నంబర్ నుంచి వచ్చిన కాల్‌పై ఫిర్యాదుకు డీఎన్‌డీ ఉండనక్కర్లేదు.