నీ స్నేహితుల్ని ముందు మగ్గం దగ్గరికి తీసుకురా

బిడ్డా,

పెద్దబాపు ఆశీస్సులు. పుణెలో నీతో పనిచేసే నలుగురు సంక్రాంతికి మన ఇంటికి వస్తామన్నారని నిన్న ఫోన్‌లో ఎంతో సంబరంగా చెప్పావు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "మన షోలాపూర్‌లో చూపించడానికి ఏముంది పెద్దబాపూ? ఒక్క పూట ఉంచి తుల్జాపూర్, పంఢర్‌పూర్ గుళ్ళు తిప్పి పంపించేస్తా" అన్నావు. అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. రాత్రి నిద్ర పట్టక ఇది రాస్తున్నా.

మొదట ఒక మాట. వాళ్ళు రైలు దిగగానే ఊరి తరఫున సంజాయిషీ మొదలుపెట్టకు. "ఎండ ఎక్కువ, దుమ్ము ఎక్కువ, మాల్స్ లేవు" అని నువ్వే చెప్తే, వాళ్ళు వెళ్ళేదాకా దుమ్మునే చూస్తారు.

నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే. పాతికేళ్ళ కిందట మీ అన్న ఆఫీసు సారు ఒకాయన కుటుంబంతో వచ్చాడు. పెద్దమనిషి కదా అని టెన్షన్ పడి, ఆటో మాట్లాడి, పొద్దున పదకొండింటి నుంచి గుడి, కోట, చెరువు, మళ్ళీ గుడి అని తిప్పాను. మధ్యాహ్నం మూడింటికి ఆయన పిల్లలు ఆటోలోనే నిద్రపోయారు. సాయంత్రం ఇంటికొచ్చాక, వెనక సందులోంచి వస్తున్న చప్పుడు విని "అదేంటండీ?" అని అడిగాడు. పవర్‌లూమ్ అన్నాను. చూపిస్తారా అన్నాడు. ఆ కార్ఖానాలోకి వెళ్ళిన మనిషి రెండు గంటలు బయటికి రాలేదు. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు కాబట్టి, దాన్ని చూడ్డానికి ఎవరైనా వస్తారని నాకు తట్టనే లేదు.

కాబట్టి మొదటి పొద్దున వాళ్ళను తూర్పు పేటలకే తీసుకురా. అశోక్ చౌక్, పద్మశాలి చౌక్, దాజీ పేట వైపు. బండ్లు వద్దు, నడిచి రండి. అంగళ్ళ బోర్డుల మీద మరాఠీ ఉంటుంది, లోపల బేరం తెలుగులో నడుస్తుంది, పక్కింట్లోంచి కన్నడం, సందు చివర ఉర్దూ. మన ముత్తాతలు కరీంనగర్, నల్గొండ, పాలమూరు వైపు నుంచి మగ్గాన్ని నమ్ముకుని ఇక్కడికి వచ్చారు. వాళ్ళ తెలుగు ఇక్కడి మరాఠీతో కలిసిపోయింది. హైదరాబాద్ చుట్టాలు మన మాట విని నవ్వుతారని నువ్వు చిన్నప్పుడు ఏడ్చావు గుర్తుందా? ఇప్పుడు ఆ మాటే నీ స్నేహితుల ముందు ధైర్యంగా మాట్లాడు. బతుకమ్మ ఆడేదీ, శ్రావణ పున్నమికి జంధ్యాలు మార్చుకుని మార్కండేయుడి రథం లాగేదీ ఆ మాటతోనే.

నా దోస్తు కార్ఖానాలో జకార్డ్ మగ్గం ఇంకా నడుస్తోంది. నేను చెప్పి ఉంచుతా. లోపలికి వెళ్ళాక పైకి చూడమను. మగ్గం నెత్తిన దండలా వేలాడే చిల్లుల అట్టలు ఉంటాయి. చిల్లు ఉన్నచోట పడుగు దారం పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక అట్ట తిరిగితే ఒక వరుస. అలా వేల వరుసలు కలిస్తే నెమలి వస్తుంది, పువ్వు వస్తుంది. మీ కంప్యూటర్ల మొదటి తరానికి చిల్లుల కార్డుల ఊహ ఈ మగ్గాల నుంచే వచ్చిందని మీ అన్న చెప్పేవాడు. ఈ సంగతి వాళ్ళకు నువ్వే చెప్పు, నేను చెప్తే ముసలాయన గొప్పలు అనుకుంటారు.

కొన్ని జాగ్రత్తలు. ఆడపిల్లలు చున్నీ నడుముకు కట్టుకోవాలి, జుట్టు ముడేసుకోవాలి. బెల్టుకు చిక్కితే అది ఆగదు. నేసేవాడికి కూలి నేసిన సరుకు లెక్కన వస్తుంది. సెల్ఫీ కోసం మగ్గం ఆపమంటే వాడి జేబు కోసినట్టే. అతను టీకి లేచినప్పుడు మాట్లాడండి. ఆ టీ డబ్బులు మీరే ఇవ్వండి.

దారిలో అరుగుల మీద చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు కనిపిస్తారు. అడక్కుండా ఫోన్ ఎత్తనివ్వకు. మీ నానమ్మ అలాగే కూర్చుని నలుగురు పిల్లల్ని చదివించింది. తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించడం, చిటికెడు పొగాకు వేసి చుట్టడం, మూతి మడిచి దారం కట్టడం. వెయ్యి బీడీలు పూర్తయితేనే కూలి లెక్క. పొగాకు పొడి ఆమె ఊపిరితిత్తుల్లోనూ చేరింది. ఆ సంగతి దాచాల్సిన పని లేదు. అడిగితే చెప్పు. కానీ "అయ్యో పాపం" అనే మొహాలు పెట్టొద్దని ముందే హెచ్చరించు. కుంభారీ దగ్గర పదివేల ఇళ్ళ కాలనీ ఈ బీడీ కార్మికులు సంఘం కట్టి, కొట్లాడి సాధించుకున్నదే. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలిచ్చారు.

ఇక మిల్లుల సంగతి. 1877లో మొదలైన మొదటి మిల్లును అందరూ జునీ మిల్, అంటే పాత మిల్లు, అనే పిలిచేవారు. తర్వాత నర్సింగ్ గిర్జీ, లక్ష్మి, విష్ణు, జామ్. నా చిన్నప్పుడు ఇంట్లో గడియారం లేదు. గిర్నీ భోంగా, అంటే మిల్లు సైరన్, మోగితే లేచేవాళ్ళం, ఇంకోసారి మోగితే బాపు డబ్బా పట్టుకుని పోయేవాడు. ఆయన పనిచేసిన మిల్లు మూతపడ్డాక, రావాల్సిన డబ్బు కోసం చెప్పులు అరిగేలా తిరిగాడు. ఆయన పోయిన తర్వాత కొంత వచ్చింది. నాకు ఆ గోడల వైపు వెళ్ళడం ఇప్పటికీ ఇష్టం ఉండదు. నీకు అలాంటిదేమీ లేదు కాబట్టి నువ్వే తీసుకెళ్ళు. కానీ అక్కడ ఎక్కువసేపు నిలబెట్టకు, ఖాళీ జాగాలో చూసేదేమీ లేదు. ఆ కార్మికులు ఏం చేశారో చెప్పాలంటే పార్క్ చౌక్ దగ్గర నలుగురు హుతాత్ముల, అంటే ఊరి కోసం ప్రాణాలిచ్చిన అమరుల, విగ్రహాల ముందు నిలబడి చెప్పు.

1930 మే 5న గాంధీజీని అరెస్టు చేశారు. ఆ కబురు తెలిసి మిల్లు కార్మికులు సమ్మె చేసి వీధుల్లోకి వచ్చారు. కల్లు దుకాణాలు, పోలీసు చౌకీలు, కోర్టు, అన్నీ తగలబడ్డాయి. కొన్ని రోజులు ఈ ఊళ్ళో తెల్లవాళ్ళ పాలనే లేదు. అప్పుడు మార్షల్ లా, అంటే సైనిక పాలన, పెట్టారు. మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడా, కుర్బాన్ హుసేన్. ఈ నలుగురినీ 1931 జనవరి 12న ఉరి తీశారు. ఎక్కడో తెలుసా? మీ పుణెలోనే, ఎరవాడ జైల్లో. ఆ జైలు ముందు నుంచి రోజూ ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు మీలో ఉండే ఉంటారు. సెలవు దొరికితే జనవరి 12 కల్లా వచ్చేయండి.

భయ్యా చౌక్‌లో డాక్టర్ కోట్నిస్ పుట్టిన ఇల్లు ఇప్పుడు స్మారకం. 1938లో చైనాకు వెళ్ళి, అక్కడి యుద్ధంలో గాయపడ్డవాళ్ళకు వైద్యం చేస్తూ 1942లో ముప్పై రెండేళ్ళకే పోయాడు. చైనా వాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు, మన పిల్లలకు మాత్రం అది బస్టాపు గుర్తు. నీ స్నేహితుల్లో ఒకమ్మాయిది విశాఖపట్నం అన్నావు కదా? అక్కడి షిప్‌యార్డుకు 1941లో పునాది వేయించిన వాల్‌చంద్ హీరాచంద్ పుట్టింది మన ఊళ్ళోనే అని ఆ అమ్మాయికి చెప్పు. ఆమె నమ్మకపోతే వెతుక్కోమను.

సిద్ధేశ్వరుడి గుడి గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. చెరువు మధ్యలో గుడి, పక్కనే కోట గోడ. పొద్దున్నే వెళితే బాగుంటుంది. కానీ సంక్రాంతికి వస్తున్నారు కాబట్టి గడ్డా జాతర తప్పించుకోలేరు, తప్పించకు కూడా. పన్నెండో శతాబ్దపు సిద్ధరామేశ్వరుడిని ఒక కుమ్మరి పిల్ల పెళ్ళాడతానంది. ఆయన తన యోగదండంతో పెళ్ళి చేసుకోమన్నాడు. ఆ పెళ్ళినే ప్రతి ఏడూ ఊరంతా చేస్తుంది. ఏడు నందిధ్వజాలు, పొడవాటి కర్రలు, ఒక్కొక్కటి ఒక్క మనిషి నడుముకు ఆనించుకుని నిలువుగా మోస్తాడు. వాళ్ళు తెల్లటి బారాబందీలు, అంటే ముడులేసి కట్టుకునే పాతకాలపు అంగీలు, వేసుకుంటారు. సమ్మతి కట్ట దగ్గర మంత్రం చదవగానే వేలమంది ఒక్కసారి అక్షతలు విసురుతారు. అక్కడ ఫోన్లు లోపల పెట్టుకోమను. జేబుదొంగలకూ అది పండగే. చిన్నపిల్లలెవరైనా వస్తే భుజాన ఎక్కించుకోండి, విడిచిపెట్టకండి.

తిండి దగ్గర ఎవరి మాటా వినకు. హోటల్లో పనీర్ తినిపించడానికి ఇంత దూరం పిలవకు. కడక్ జొన్నరొట్టె, శెంగా చట్నీ, పెరుగు. చట్నీ పల్లీలు, కారం, వెల్లుల్లి కలిపి రోట్లో నూనె బయటికొచ్చేదాకా దంచింది కావాలి. మిక్సీలో పొడి చేసినది కొనకు, వేళ్ళతో నొక్కితే ముద్ద కట్టాలి. జనవరిలో హురడా ఉంటుంది. మన తెలంగాణలో ఊచబియ్యం అంటారే, అదే, లేత జొన్న కంకుల్ని పిడకల నిప్పుల్లో కాల్చి అరచేతుల్లో నలిపి ఇస్తారు. పొలానికి వెళ్ళి అక్కడే వేడివేడిగా తినాలి. ఒక సాయంత్రం దానికే పెట్టు, ఇంకే పనీ పెట్టకు.

చద్దర్, అంటే మన నూలు దుప్పటి, కొనకుండా ఎవరూ వెళ్ళరు. స్టేషన్ బయట కొనొద్దు. ఒకసారి నేనే తొందరలో అక్కడ కొని చుట్టాలకు పంపాను. రెండు ఉతుకులకు పీచు తేలి, వాళ్ళు ఫోన్ చేస్తే నేనెంత సిగ్గుపడ్డానో! నేసేవాడి ఇంట్లోంచి నకిలీ చద్దర్ వెళ్ళింది. అసలుదాన్ని తిరగేసి చూడు. రంగులు తారుమారై అదే నెమలి వెనక కూడా కనిపించాలి. బరువుండాలి, చేతికి నూలు తగలాలి. మన చద్దర్‌కూ, టవల్‌కూ జి.ఐ. గుర్తింపు, అంటే ఈ ఊరి సరుకు అనే ప్రభుత్వ ముద్ర, ఉంది, అయినా బయటి సరుకు మన పేరుతో అమ్ముడవుతూనే ఉంది. అందుకే ఇక్కడ చాలామంది చద్దర్ మానేసి టవళ్ళకు మారిపోయారు. ధర చూసి నీ స్నేహితులు వెనకాడితే బలవంతపెట్టకు. టవల్ కొనుక్కోమను, అదీ మనదే.

ఊరి బయటికి ఒక్కచోటికే వెళ్ళండి. నన్నడిగితే కుడల్ సంగమం. భీమ, సీనా నదులు కలిసేచోట పాత శివాలయం, 1018 నాటి మరాఠీ శాసనం, చిన్నచిన్న మొహాలు వందల కొద్దీ చెక్కిన ఒక లింగం. "ఇది చదివినవాడు విజయం పొందుతాడు" అని ఆ శాసనంలో ఉంది. మీ మరాఠీ స్నేహితుడి చేత చదివించు, అక్షరాలు కూడబలుక్కోలేక అవస్థ పడతాడు, నవ్వుకోండి. హైదరాబాద్ వైపు వెళ్ళేవాళ్ళుంటే నల్‌దుర్గ్ కోట దారిలోనే. నన్నజ్ అభయారణ్యానికి మాత్రం బట్టమేక పిట్ట ఆశతో వెళ్ళొద్దు. మన కర్నూలు దగ్గరి రోళ్ళపాడు గతే దానిదీ, పిట్ట దొరకడం గగనం. కృష్ణజింకలు చాలు అనుకుంటే సరే.

తుల్జాపూర్, పంఢర్‌పూర్ గొప్పవే, కాదనను. ఈసారికి మాత్రం వద్దు.

ఒక పని చెయ్యి. నలుగురే వస్తున్నారా, ఇంకా పెరుగుతారా అన్నది వారం ముందే చెప్పు. కుళాయి నీళ్ళు ఇప్పుడు నాలుగైదు రోజులకోసారి వదులుతున్నారు. పక్కింటివాళ్ళ రెండు డ్రమ్ములు కూడా అడిగి నింపించి ఉంచాలి. మీ పెద్దమ్మ పరుపుల సంగతి అడుగుతోంది. నేలమీద పడుకునేవాళ్ళైతే చద్దర్లు ఇంట్లో బోలెడున్నాయి.

మీ పెద్దబాపు