ఎలుకకి ఏం కాలేదు కాబట్టి మనిషికీ ఏం కాదా?

ప్రశ్న: మావారు పేలుడు పదార్థాలు నింపే యూనిట్‌లో కాంట్రాక్టు మీద పనిచేస్తారు. హెచ్ఎంఎక్స్ అనే పౌడర్ ఎలుకలకి తినిపిస్తే నాలుగు రోజుల్లో దాదాపు అంతా మలంలో వచ్చేసిందనీ, మనకీ ఏం కాదనీ అక్కడి సూపర్‌వైజర్ అన్నారట. నిజమేనా? టెన్షన్‌గా ఉంది.
– ఓ గృహిణి, గాజువాక

జవాబు: ఎలుకల లెక్క నిజమేనండీ, ఆయన తీసిన అర్థమే తప్పు. నోటి ద్వారా ఇచ్చినప్పుడు సుమారు 85 శాతం మలంలో వచ్చింది, మూత్రంలో 4 శాతమే. అంటే ఒంట్లోకి వెళ్లింది తిరిగొచ్చిందని కాదు, చాలావరకు ఒంట్లోకే వెళ్లలేదని. చింతగింజ మింగితే ఎలా పోతుందో అలాగన్నమాట. ఈ పదార్థం నీళ్లలో సరిగా కరగదు, లీటరుకి ఐదారు మిల్లీగ్రాములు కరిగితే గొప్ప. అదే హెచ్ఎంఎక్స్‌కి, ఒంట్లో ఎటు పోతుందో కనిపెట్టే ఆనవాలుగా కార్బన్-14 (రేడియోధార్మిక కార్బన్) తగిలించి నేరుగా ఎలుక రక్తంలోకి ఎక్కిస్తే లెక్క తిరగబడింది, సగానికి పైగా మూత్రంలో తేలింది, మలంలో కొంచెమే. అంటే రక్తంలోకి చేరితే దాని దారే వేరు.

దీని చుట్టమే ఆర్‌డీఎక్స్, కానీ గుణం వేరు. అది పేగుల్లోంచి రక్తంలోకి వెళ్తుంది, లివర్‌లో ముక్కలవుతుంది, ఎలుకల్లో అయితే చాలా భాగం బొగ్గుపులుసు వాయువుగా ఊపిరిలోనే పోయింది. మోతాదు ఎక్కువైతే మనుషులకైనా జంతువులకైనా ఫిట్స్ వస్తాయి.

ఇక టీఎన్‌టీ అనే ఇంకో పేలుడు పదార్థం. మీవారి యూనిట్‌లో అదీ ఉందేమో ముందు అడగండి, ఎందుకంటే అది చర్మంలోంచి కూడా దిగుతుంది. ఒంటికి పూసి చూస్తే కుందేలు ఎక్కువ పీల్చుకుంది, కుక్క బాగా తక్కువ. ఏ జంతువుని చూసి ధైర్యం తెచ్చుకోమంటారో ఆ సూపర్‌వైజర్‌గారు! మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఫ్యాక్టరీల్లో టీఎన్‌టీ నింపిన ఆడవాళ్ల ఒళ్లు పసుపుపచ్చగా మారిపోతే జనం వాళ్లని కానరీ పిట్టలన్నారు (అవి పసుపు రంగు పిట్టలు), కొందరు లివర్ పాడై చనిపోయారు కూడా. చెమట పట్టిన ఒంట్లోకి ఇది ఇంకా తేలిగ్గా దిగుతుంది, మన వైజాగ్ ఉక్కపోత సంగతి మీకు చెప్పాలా?

డ్యూటీ బట్టలు అక్కడే మార్చుకుని, స్నానం చేసి ఇంటికి రమ్మనండి, ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతక్కండి. చేతులు కడగకుండా టిఫిన్, బీడీ రెండూ వద్దు. మూత్రం ఎర్రగా వచ్చినా, పెదాలు నీలంగా మారినా, కళ్లు పచ్చబడినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లి ఏ పౌడర్‌తో పనో పేరు చెప్పండి. రక్తం, లివర్ టెస్టులు రాయాలని ఆయనకి తట్టాలంటే ఆ పేరు తెలియాలి.