ఆస్ట్రేలియాలో ఉద్యోగం పోయి కేసు వేశాక వాయిదాకు వెళ్లకపోతే ఏమవుతుంది?

రథసప్తమికి అరసవల్లిలో దర్శనం చేసుకుని రాజాం తిరిగి వచ్చిన సాయంత్రం, చీపురుపల్లి దగ్గరి ఒక పల్లె నుంచి తండ్రీ కొడుకులు మా ఇంటికి వచ్చారు. కుర్రవాడు మెల్‌బోర్న్‌లో చదువు ముగించుకుని అక్కడే ఒక గోడౌన్‌లో రెండేళ్లకు పైగా పనిచేశాడు. ఆలస్యంగా వస్తున్నాడన్న కారణం చూపి సెప్టెంబరు చివర అతన్ని పనిలోంచి తీసేశారు. ఎవరి సాయమూ లేకుండా, గడువులోపలే, ఉద్యోగ వివాదాలు తేల్చే అక్కడి ఫెయిర్ వర్క్ కమిషన్‌కు, తనను తీసేయడం అన్యాయమని అతను దరఖాస్తు పెట్టుకున్నాడు. నవంబరులో తండ్రికి విశాఖపట్నంలో గుండె ఆపరేషన్ అని తెలిసి, ఉన్నపళంగా బయలుదేరి వచ్చేశాడు. ఆస్ట్రేలియా సిమ్ము తీసి పర్సులో పెట్టుకున్నాడు. ఆ తరువాత రెండు నెలలు ఆసుపత్రి, ఇల్లు తప్ప మరో ధ్యాస లేదు.

నేను అడిగితే ఫోను తీసి నా చేతికిచ్చాడు. కమిషన్ నుంచి వచ్చిన మెయిళ్లు ఆరున్నాయి. ఒక్కటీ తెరిచినది కాదు. మొదటిదానిలో తన వాంగ్మూలమూ పత్రాలూ ఫలానా తేదీలోగా దాఖలు చేయమన్న ఆదేశం ఉంది. రెండోది గడువు దాటిందని గుర్తు చేసింది, మూడోది జాప్యానికి కారణం అడిగింది, నాలుగోది ఫోను చేసినా దొరకలేదని చెప్పింది. ఫలానా రోజు ఫోన్ విచారణకు రాకపోతే దరఖాస్తును కొట్టివేసే అవకాశం ఉందని అయిదోది హెచ్చరించింది. ఆరోది కొట్టివేసిన నిర్ణయం. అది వచ్చి అప్పటికి 12 రోజులైంది.

"కోర్టు కాయితం ఒక్కటీ ఇంటికి రానేదు బాబూ, అమీనా కూడా రానేదు" అన్నాడు తండ్రి. ఆ మాటలో అబద్ధం లేదు. ఆస్ట్రేలియా వెళ్లే మన పిల్లలందరికీ ఈ విషయం వివరంగా చెప్పాలని నాకు అనిపించింది ఆ మాట విన్నాకే.

మన ప్రాంతంలో కోర్టు అంటే మనకు తెలిసిన పద్ధతి ఒకటుంది. నోటీసు పట్టుకుని అమీనా ఇంటికి వస్తాడు, వకీలు వకాల్తా తీసుకుంటాడు, వాయిదాలకు ఆయనే వెళ్తాడు, మనం వెళ్లినా వెళ్లకపోయినా కేసు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మనం వెళ్లలేదని దావా డిఫాల్టులో పోయినా, మన వాదన వినకుండానే ఎదుటివారికి ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చినా, 30 రోజుల్లో పిటిషన్ వేసి తగిన కారణం చూపితే మళ్లీ తెరిపించుకునే దారి ఉంటుంది. మా నాన్నగారు జూట్ మిల్లు కార్మికుడు. మిల్లు మూతపడిన ప్రతిసారీ చర్చలన్నీ యూనియన్ నాయకులే చూసుకున్నారు తప్ప, ఏ కార్మికుడూ తన పేరుతో తానే కాగితం రాసి పంపవలసిన అవసరం రాలేదు. ఈ అలవాటుతో పెరిగినవాళ్లం కాబట్టి, కేసు వేశాక మిగిలినదంతా మరెవరో నడిపిస్తారని మనకు తెలియకుండానే నమ్ముతాం.

ఫెయిర్ వర్క్ కమిషన్ అలా పనిచేయదు. 2009 నాటి ఫెయిర్ వర్క్ చట్టం ప్రకారం, ఉద్యోగం పోయిన తరువాత 21 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి. అసాధారణ పరిస్థితులు ఉంటేనే ఆ గడువు పొడిగిస్తారు, చట్టం తెలియకపోవడం మామూలుగా ఆ కోవలోకి రాదు. ఆ యజమాని దగ్గర కనీసం 6 నెలలు, 15 మంది కంటే తక్కువ ఉద్యోగులున్న సంస్థ అయితే 12 నెలలు పనిచేసి ఉండాలి. దరఖాస్తు అందాక యజమాని 7 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. ఆ పైన ఫోను మీద రాజీ సమావేశం జరుగుతుంది, చాలా కేసులు అక్కడే ముగుస్తాయి. అక్కడ తేలనివి కమిషన్ సభ్యుని ముందు విచారణకు వస్తాయి. వకీలు మాట్లాడాలంటే సాధారణంగా కమిషన్ అనుమతి కావాలి కనుక, చాలామంది కార్మికులు తమ కేసు తామే చెప్పుకుంటారు. నోటీసులన్నీ దరఖాస్తులో మీరు రాసిన మెయిల్‌కూ ఫోను నంబరుకూ వస్తాయి. అంటే ఆ మెయిల్ మీ ఇంటి గుమ్మం లాంటిది, అమీనా వచ్చి నిలబడేది అక్కడే.

దరఖాస్తు పెట్టినవారు సరైన కారణం లేకుండా విచారణకో సమావేశానికో రాకపోయినా, దాఖలు చేయమన్నవి చేయకపోయినా, రాజీ కుదిరాక కేసు ఉపసంహరించుకోకపోయినా, యజమాని కోరిక మీద ఆ దరఖాస్తును కొట్టివేసే అధికారం చట్టంలోని 399ఏ సెక్షన్ కమిషన్‌కు ఇచ్చింది. ఇక్కడ కొట్టివేయడం అంటే మీరు తప్పు చేశారని తేల్చడం కాదు, మిమ్మల్ని తీసేయడం న్యాయమో అన్యాయమో అసలు చూడకుండానే ఫైలు మూసేయడం. ఆ కుర్రవాడి విషయంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. అతను ఆలస్యంగా వెళ్లిన రోజులన్నీ ముందు షిఫ్టు తెల్లవారుజాము దాకా సాగిన మరునాళ్లే అని చూపించే రోస్టరు అతని దగ్గరే ఉంది, అదే ఫోనులో ఫొటోగా ఉంది. దాన్ని చూసినవారు లేరు. కొత్తగా మళ్లీ దరఖాస్తు పెడదామంటే 21 రోజులు ఎప్పుడో దాటిపోయాయి.

ఖర్చుల సంగతి కూడా తెలుసుకోవాలి. అక్కడ సాధారణంగా ఎవరి ఖర్చు వారిదే, ఓడిపోయినంత మాత్రాన ఎదుటివారి వకీలు ఫీజు కట్టనక్కరలేదు. అయితే కేసు నడిపే తీరులో ఒకరు అసమంజసంగా ప్రవర్తించి, దానివల్ల ఎదుటివారికి ఖర్చయితే, ఆ ఖర్చు కట్టమని ఆదేశించే వీలుంది. చెప్పకుండా మానేసి, ఎదుటివారిని విచారణకు సిద్ధం కానిచ్చి, ఆ రోజు కనిపించకపోవడం ఆ కిందికి రావచ్చు. కమిషన్ నిర్ణయాలు సాధారణంగా ఇరుపక్షాల పేర్లతో వెబ్‌సైటులో ప్రచురితమవుతాయి. రేపు మరో యజమాని మీ పేరు వెతికితే కనబడేది మీ వాదన కాదు, మీరు రాలేదన్న వాక్యం.

మనవాళ్లలో యజమానులూ ఉన్నారు కనుక వారికీ ఒక మాట. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో చిన్న హోటలు నడిపే విజయనగరం మిత్రుడొకరు, వంటమనిషిని వాట్సాప్ సందేశంతో తీసేశారు. కమిషన్ నుంచి కాగితాలు వస్తే, అది బెదిరింపు మాత్రమేనని, జవాబిస్తే ఒప్పుకున్నట్టవుతుందని ఎవరో చెప్పగా నమ్మి పక్కన పడేశారు. యజమాని రాకపోయినంత మాత్రాన కార్మికుడు దానంతటదే గెలవడు, తొలగింపు అన్యాయమని కమిషన్‌కు నమ్మకం కలగాలి. కానీ వినేది ఒక పక్షం సాక్ష్యమే అయినప్పుడు, ఖండించేవారే లేనప్పుడు, ఆ నమ్మకం కలగడానికి ఎంతసేపు? నిజానికి ఆయన అంతకుముందు రెండుసార్లు హెచ్చరించిన సందేశాలు ఆయన ఫోనులోనే ఉన్నాయి, చిన్న వ్యాపారాల కోసం ప్రత్యేకంగా ఉన్న తొలగింపు నియమావళి కింద వాదించుకునే అవకాశమూ ఉంది. అవేవీ కమిషన్ ముందుకు చేరలేదు. 8 వారాల జీతం చెల్లించమని ఆదేశం వచ్చింది. పరిహారం గరిష్ఠంగా 26 వారాల జీతం వరకూ ఉండవచ్చు, దానికీ వేరే పైపరిమితి ఉంది. ఆదేశాన్ని కూడా పట్టించుకోకపోతే ఫెడరల్ కోర్టుల ద్వారా అమలు చేయించుకోవచ్చు, పైగా జరిమానా పడవచ్చు.

రాకపోవడానికి చాలామంది మనసులో ఉన్న అసలు కారణం వీసా భయం. యజమాని మీద కేసు నడిపితే వీసా పోతుందేమో అని మధ్యలో చల్లగా జారుకుంటారు. కేసు వేసినందుకు వీసా పోదు. విదేశీ కార్మికులకూ ఫెయిర్ వర్క్ చట్టం వర్తిస్తుంది, వీసా షరతు తప్పినంత మాత్రాన ఆ రక్షణ పోదని 2023లో చట్టంలోనే స్పష్టంగా చేర్చారు. యజమాని స్పాన్సర్ చేస్తే వచ్చే 482 వీసా మీద ఉండి ఆ స్పాన్సర్ దగ్గర ఉద్యోగం పోయినవారికి మరో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి 2024 జులై 1 నుంచి ఒక విడతకు 180 రోజులు ఇస్తున్నారు. ఆ గడువు వేరు, కమిషన్ కేసు వేరు. ఒకదాని భయంతో రెండోదాన్ని వదిలేయకండి.

రాలేని పరిస్థితి నిజంగానే వస్తుంది. అమ్మకో నాన్నకో బాగులేదంటే ఎవరైనా విమానం ఎక్కవలసిందే. అటువంటప్పుడు చేయవలసింది ఒక్కటే, బయలుదేరే ముందే, కుదరకపోతే విమానాశ్రయంలో కూర్చునైనా, కమిషన్‌కు మెయిల్ రాయడం. కేసు నంబరు రాయండి, నాన్నగారి ఆపరేషన్ కోసం ఇండియా వెళ్తున్నాను అని రాయండి, ఫలానా తేదీ దాకా గడువు కావాలని అడగండి, ఆసుపత్రి కాగితం జతచేయండి, ఇక్కడి ఫోను నంబరు ఇవ్వండి, ప్రతిని యజమానికి కూడా పంపండి. నాలుగైదు వాక్యాలు చాలు. ఇంగ్లిషు వ్యాకరణం ఎవరూ చూడరు. ఫోనులోనో వీడియోలోనో హాజరవుతానని అడగవచ్చు. మెల్‌బోర్న్‌లో ఉదయం 10 గంటలంటే వేసవి సమయం నడిచే నెలల్లో మనకు తెల్లవారుజామున 4:30, మిగతా నెలల్లో 5:30 అని గుర్తుంచుకుని అలారం పెట్టుకోండి. తెలుగులోనే చెప్పుకోవాలంటే దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయమని ముందుగా కోరవచ్చు. న్యాయ సలహా కావాలంటే కమిషన్ వారి వర్క్‌ప్లేస్ అడ్వైస్ సర్వీసు ద్వారా అర్హులకు ఒక గంట దాకా ఉచితంగా దొరుకుతుంది, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో జాబ్‌వాచ్ అనే సంస్థ కూడా ఉచితంగా సలహా చెబుతుంది.

కొత్త ఉద్యోగం దొరికి ఇక కేసు వద్దనుకున్నా తప్పు లేదు. అప్పుడు ఎఫ్50 ఫారం నింపి ఉపసంహరించుకోండి. అది ఒకటి రెండు పేజీల పని. మీ అంతట మీరు మూసుకున్న ఫైలుకూ, మీరు రాలేదని వారు మూసేసిన ఫైలుకూ చాలా తేడా ఉంది.

ఆ కుర్రవాడికి మిగిలింది అప్పీలు ఒక్కటే. దానికీ 21 రోజులే గడువు, అందులో 9 రోజులు ఉన్నాయి. అప్పీలుకు ముందు అనుమతి కావాలని, అన్యాయ తొలగింపు కేసుల్లో ప్రజాప్రయోజనం ఉందని చూపితేనే ఆ అనుమతి దొరుకుతుందని, అది చాలా కష్టమని దాచకుండా చెప్పాను. అయినా పెడతానన్నాడు. ఆ రాత్రే మా వసారాలో కూర్చుని జరిగినదంతా తేదీల వారీగా రాశాడు. మర్నాడు పొద్దున్నే తండ్రి ప్లాస్టిక్ సంచిలో ఆసుపత్రి ఫైలు పట్టుకుని మళ్లీ వచ్చాడు. డిశ్చార్జి కాగితంలో ఆసుపత్రిలో చేరిన తేదీ కింద అప్పటికే పెన్నుతో గీత గీసి ఉంది. కుర్రవాడు దాన్ని ఫొటో తీసి జతచేసి, పర్సులోంచి ఆస్ట్రేలియా సిమ్ము తీసి ఫోనులో వేసుకున్నాక, మెయిల్ పంపాడు.