అట్టపెట్టెతో మొదలుపెట్టండి: పసిపిల్లల బొమ్మల గురించి కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు

విదేశానికి కొత్తగా వచ్చిన తల్లులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. రెండేసి సూట్‌కేసులతో వచ్చాం, బిడ్డ బొమ్మలన్నీ అక్కడే వదిలేసి వచ్చాం, తెల్లవారింది మొదలు పొద్దుపోయేదాకా ఇంట్లో నేనూ, ఏడాదిన్నర బిడ్డా తప్ప ఎవరూ ఉండం, ఏ బొమ్మలు కొంటే మంచిదంటారు అని. మొదటి ఆరు నెలలూ దాదాపు ఏమీ కొనవద్దనీ, మీ మంచమూ కుర్చీలూ వచ్చిన అట్టపెట్టెలను మాత్రం పారేయవద్దనీ నేను చెబుతాను. డబ్బు మిగులుతుందని కాదు, పరాయి భాష నడిచే ఊళ్లో బిడ్డను పెంచుతున్నవారికి ఇంట్లో చేసిన బొమ్మ వల్ల కలిగే మేలు వేరే ఉంది కాబట్టి చెబుతాను.

బటన్ నొక్కితే పాడే బొమ్మ ఇక్కడి భాషలోనే పాడుతుంది, అది పాడుతున్నంత సేపూ మనం ఊరుకుంటాం. 2016లో జామా పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 10 నుంచి 16 నెలల వయసున్న 26 మంది పిల్లలు తల్లితోనో తండ్రితోనో ఇంట్లో ఆడుకుంటుండగా ఆ మాటలను రికార్డు చేశారు. ఎలక్ట్రానిక్ బొమ్మలు ముందున్నప్పుడు పెద్దవాళ్లు మాట్లాడిన మాటలు, పుస్తకాలతోనూ మామూలు బొమ్మలతోనూ ఆడినప్పటికంటే తగ్గిపోయాయి. అది చిన్న అధ్యయనమే గానీ, నా ఇద్దరు పిల్లల దగ్గర నేను చూసింది కూడా అదే. అట్టపెట్టె తనంతట తాను ఏమీ చెప్పదు కాబట్టి దానికి మనమే మాటలు ఇవ్వవలసి వస్తుంది, ఆ మాటలు తెలుగులో వస్తాయి. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా 2018 డిసెంబరులో బొమ్మల ఎంపికపై ఇచ్చిన నివేదికలో, ఖరీదైనవాటి కంటే పెద్దవాళ్లను బిడ్డతో కలిసి ఆడించే సాదా బొమ్మలే మేలని చెప్పింది.

తయారీకి ముందు ఒక కొలత తెలుసుకోవాలి. అమెరికాలో మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒక చిన్న గొట్టాన్ని వాడతారు. బొమ్మ గానీ, దాని నుంచి ఊడివచ్చే ముక్క గానీ నొక్కకుండానే ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోతే అది ఆ వయసు పిల్లల గొంతుకు అడ్డుపడగలదని లెక్క. బంతులకు కొలత ఇంకా పెద్దది, కనీసం 44.5 మిల్లీమీటర్లకు మించి ఉండాలి. ఇంట్లో అయితే, బంతులు కానివాటికి టాయిలెట్ పేపరు చుట్టివచ్చే అట్టగొట్టం చాలు. అది ఆ పరీక్ష గొట్టం కంటే కొంచెం వెడల్పు కాబట్టి, అందులోంచి జారిపోయేదేదీ బిడ్డకు ఇవ్వకూడదని నియమం పెట్టుకుంటే మీరు జాగ్రత్త వైపే ఉన్నట్టు.

ఈ నియమం నాకు మొదట్లో తెలియదు. మా పెద్దమ్మాయికి పదిహేను నెలలప్పుడు పాత మేజోడుతో కుందేలు బొమ్మ కుట్టి, కళ్లకు రెండు చొక్కా గుండీలు వేశాను. దారం నాలుగు పేటలు వేశాను కదా, ఊడదనుకున్నాను. మూడో వారంలో ఒక సాయంత్రం కుందేలుకు ఒకే కన్ను కనిపించింది, రెండోది పిల్ల బుగ్గలో ఉంది. వేలు పెట్టి తీయగలిగాను, ఏమీ కాలేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి గుడ్డబొమ్మలకు కళ్లూ ముక్కూ దారంతోనే కుడుతున్నాను. ఎంత గట్టిగా కుట్టినా, ఎంత జిగురు పెట్టినా ఆ ముక్క ఏదో ఒక రోజు ఊడివస్తుందనే అనుకుని, ఊడితే బిడ్డ చేతిలో ఏమి మిగులుతుందో ముందే ఆలోచించండి. అందుకే గింజలో పూసలో పోసి మూత అతికించిన గిలక్కాయ సీసాలు మూడేళ్ల లోపు పిల్లలకు వద్దని చెబుతాను. ఆ అట్టగొట్టంలో పట్టనంత వెడల్పాటి మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలో రంగునీళ్లూ నూనే పోసి బిగించి ఇవ్వండి, మూత వచ్చినా చాప తడుస్తుంది, అంతే. బటన్ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు, నీటిలో ఉబ్బే జెల్లీ పూసలు, బెలూన్లు ఈ పనిలోకి రానే రాకూడదు. మింగిన బటన్ బ్యాటరీ రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చివేయగలదు, రెండు అయస్కాంతాలు పేగు గోడలను మధ్యలో పెట్టుకుని ఒకదానికొకటి అతుక్కోగలవు.

ఇక అన్నిటికంటే ముందు చేయవలసిన బొమ్మ, వేసే పెట్టె. చెప్పుల పెట్టెంత అట్టపెట్టె మూతకు ఒక పొడవాటి సందు కోయండి, డబ్బాల వెడల్పాటి ప్లాస్టిక్ మూతలు ఏడెనిమిది కడిగి ఇవ్వండి. పది నెలలు దాటిన బిడ్డ ఆ మూతను సందులో వేసి, టప్పుమని చప్పుడు విని, పెట్టె తెరిచి చూసి, అది అక్కడే ఉన్నందుకు ఆశ్చర్యపోతాడు. కంటికి కనిపించనిది కూడా ఉంటుందని తెలుసుకునే వయసు అది. రెండు వారాల తరువాత సందును అడ్డంగా కాక నిలువుగా కోసిన ఇంకో మూత పెట్టండి, మణికట్టు తిప్పడం నేర్చుకుంటాడు. ఆ తరువాత గుండ్రటి కన్నం చేసి, చుట్టిన మేజోళ్లు ఇవ్వండి. ఒకే పెట్టె నాలుగు నెలలు నడుస్తుంది. పక్కన కూర్చున్న మీరు ఊరికే ఉండకండి, ఇలా మాట్లాడుతూ ఉండండి: ఏదీ? లోపల పడింది. మూత తియ్యి. ఇదిగో! ఇంకోటి వెయ్యి. పెద్దది పట్టదు, చిన్నది ఇవ్వు. లోపల, బయట, పైన, కింద, పెద్దది, చిన్నది అనే మాటలను బొమ్మల పుస్తకం చూపించి నేర్పడం కష్టం, ఈ పెట్టె దగ్గర అవి వందసార్లు అవసరపడతాయి.

కట్టే దిమ్మల కోసం పాల అట్టడబ్బాలు దాచండి. ఒకే కొలతవి రెండు తీసుకుని, పైభాగం కోసేసి, బాగా కడిగి ఆరబెట్టి, ఒకదాని నోట్లోకి ఇంకొకదాన్ని దూర్చితే గట్టి దిమ్మ అవుతుంది. లోపల నలిపిన కాగితాలు కుక్కితే ఇంకా గట్టిపడుతుంది. ఏడాదిన్నరకు పిల్లలు మూడో నాలుగో నిలబెడతారు, రెండేళ్లకు ఆరు దాకా వెళతారు. ఇవి తేలికైనవి, పడగొట్టినా చప్పుడు రాదు. కింది అంతస్తులో ఎవరో కాపురముండే అద్దె ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

బంధువులకు దూరంగా ఉన్నవారు తప్పకుండా చేయవలసినది ఫొటోల పుస్తకం. అమ్మమ్మ, తాతయ్య, నాయనమ్మ, మేనమామ, పిన్ని, ఒక్కొక్కరిదీ ముఖం పెద్దగా కనిపించే ఫొటో అచ్చు వేయించి, అరచేయి వెడల్పు అట్టముక్కల మీద అతికించి, వెడల్పాటి పారదర్శక టేపును అంచుల మీదుగా వెనక్కి మడిచి చుట్టండి. అట్టలకు రెండేసి కన్నాలు పెట్టి గుడ్డపీలికలతో కట్టండి, చివరలు బెత్తెడుకు మించనివ్వకండి. మెడకు చుట్టుకోగల పొడవైన తాడు ఏ బొమ్మకూ ఉండకూడదు. పుటకు ఒక్క ముఖమే పెట్టాలని నా అనుభవం, గుంపు ఫొటోలో బిడ్డ ఎవరినీ పట్టుకోలేడు. వీడియో కాల్ చేసే ముందు ఆ పుట తెరిచి పేరు చెప్పి, కాల్ అయ్యాక మళ్లీ తెరిచి చూపించండి. మా చిన్నవాడు తాతయ్యను మొదటిసారి ఎదురుగా చూసిన రోజు పరుగెత్తి లోపలికి వెళ్లి, ఈ పుస్తకం తెచ్చి ఆ పుట తీసి, ఆయన ఒడిలో పెట్టాడు. అప్పటికి వాడికి రెండేళ్లు నిండలేదు. వారానికోసారి టేపు అంచులు లేచాయేమో చూసుకోండి, నమిలిన చోటు ఉంటే ఆ పుట తీసి కొత్తది వేయండి.

పిండిముద్ద రెండేళ్లకు దగ్గరపడ్డాక చేయండి. ఒక కప్పు మైదా, అర కప్పు ఉప్పు, రెండు చిన్న చెంచాల క్రీమ్ ఆఫ్ టార్టార్ (కేకుల తయారీలో వాడే పుల్లటి తెల్లపొడి), ఒక పెద్ద చెంచా నూనె, ఒక కప్పు నీళ్లు కలిపి సన్నని సెగ మీద ముద్దయ్యేదాకా తిప్పి, చల్లారాక పిసికితే చేతికంటని మెత్తని ముద్ద వస్తుంది. గాలి చొరని డబ్బాలో పెడితే కొన్ని వారాలు ఉంటుంది. పచ్చి పిండిలో సాల్మొనెల్లా, ఈ-కోలి వంటి క్రిములు ఉండవచ్చు కాబట్టి ఉడికించకుండా కలిపే పద్ధతి నాకు నచ్చదు. ఉడికించినదాన్ని కూడా తిననివ్వకండి, అందులో ఉప్పు చాలా ఎక్కువ. గోధుమ పడని బిడ్డకు ఇది అసలు వద్దు.

గీతలు గీయడానికి లావాటి క్రేయాన్లు, నేలకు టేపుతో అంటించిన పెద్ద కాగితం చాలు. అద్దె ఇంటి గోడ గురించి భయముంటే పెద్ద అట్టపెట్టెను ఒక పక్క విప్పి, బిడ్డను లోపల కూర్చోబెట్టి క్రేయాన్ ఇవ్వండి. అన్ని వైపులా గీయవచ్చు, గోడకు ఏమీ కాదు. రంగులకు బదులు లావాటి కుంచె, గిన్నెలో కాసిని నీళ్లు ఇస్తే అట్ట మీద తడిగీతలు ముదురుగా కనిపించి, ఆరగానే మాయమవుతాయి. నీటి ఆటలన్నిటిలోనూ బిడ్డకు చేయి అందేంత దూరంలోనే ఉండండి. రెండు అంగుళాల నీటిలో కూడా ఈ వయసు పిల్లలు మునిగిపోగలరు, ఆట అయిన వెంటనే గిన్నె వంచేయండి, ఫోను మోగినా సరే.

అన్నీ ఒకేసారి బయట పెట్టకండి. నాలుగైదు వస్తువులు అందేటట్టు ఉంచి, మిగిలినవి అల్మారాలో పెట్టి, రెండు వారాలకోసారి మార్చండి, పాతది కొత్తదైనట్టు ఆడతారు. అట్ట నానిందా, అంచు చిరిగిందా, టేపు ఊడిందా అని రాత్రి బొమ్మలు సర్దేటప్పుడే ఒకసారి చేత్తో తడిమి చూడండి, పాడైనదాన్ని మరునాటికి ఉంచకండి, ఇంకో పెట్టె తీసి మళ్లీ సందు కోయండి.