హెచ్-ఇండెక్స్ ఎంత ఉంటే మంచి పరిశోధకుడని అనుకోవచ్చు?

ఏ సబ్జెక్టో చెప్పకుండా అంకె అడిగితే నేను చెప్పను. నాది గణితం. ఆరేళ్ల కిందట ఒక యూనివర్సిటీలో ఇంటర్వ్యూకి వెళ్లాను. అన్ని శాఖలకూ ఒకటే ఫారం, దానికి గూగుల్ స్కాలర్ (ఎవరి పేపర్లని ఎంతమంది ప్రస్తావించారో లెక్క చూపే సైటు) ప్రింటవుట్ జత చేయాలి. బయట బెంచీ మీద నా పక్కన కూర్చున్న బయోటెక్నాలజీ అబ్బాయి హెచ్-ఇండెక్స్ 19, నాది 5. అంటే కనీసం ఐదేసి సైటేషన్లు (వేరే పేపర్లలో ప్రస్తావనలు) ఉన్న పేపర్లు నాకు ఐదే. లోపల కమిటీలో ఒకాయన ఆ కాగితం చూసి "పదకొండేళ్లలో ఇంతేనా అమ్మా?" అన్నారు. ఒక్క పేపరుకి రెఫరీ రిపోర్టు (అచ్చుకి ముందు నిపుణుల పరిశీలన) రావడానికే పద్నాలుగు నెలలు పట్టింది సార్ అని చెప్పబోతే చేత్తో ఆపేశారు. అక్కడ నా పేపరు తెరిచి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ బాధ ఇంకా పోలేదు.

ఆ అబ్బాయి కష్టపడలేదని కాదు. వాళ్ల పేపర్లో ఏడెనిమిది మంది రచయితలు, చివర యాభై అరవై రిఫరెన్సులు. మా పేపర్లో ఇద్దరం, రిఫరెన్సులు పదిహేను. ఇక సైటేషన్లు ఎక్కడినుంచి వస్తాయి? ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి మీద 1951లో లౌరీ బృందం రాసిన పేపరుకి మూడు లక్షలకు పైగా సైటేషన్లున్నాయి, ఎన్నో ల్యాబుల్లో ఏళ్ల తరబడి ఆ పద్ధతి వాడారు కాబట్టి. ఈ హెచ్-ఇండెక్స్‌ని 2005లో ప్రతిపాదించిన భౌతికశాస్త్రవేత్త హిర్ష్ కూడా జీవశాస్త్రాల్లో ఇది ఎక్కువ వస్తుందని ఆ పేపర్లోనే రాశాడు. కమిటీలవాళ్లు అంకె తీసుకున్నారు, ఆ మాట వదిలేశారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేసిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు 1945లో, పాతికేళ్ల వయసులో, తన ప్రసిద్ధ పేపరుని కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వేశారు. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే క్రామర్-రావు హద్దు అందులోదే. ఆ పనిని గుర్తించి 2023లో ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చారు. ఇప్పుడైతే ముందు ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (దాని పేపర్లకి సగటున వచ్చే సైటేషన్లు) ఎంతని అడుగుతారు.

నాకు ఇంకా కోపం వచ్చేది తెలుగు శాఖ వాళ్ల సంగతి తలుచుకుంటే. మా కాలేజీలో ఒక మేడం ఇరవై ఏళ్లుగా ఊరూరా తిరిగి శాసనాలు చదివి, తెలుగులో మూడు పుస్తకాలు వేశారు. సైటేషన్లు లెక్కగట్టే స్కోపస్ డేటాబేస్‌లో ఆవిడ పేరే లేదు. పోయినసారి ప్రమోషన్ ఫారంలో హెచ్-ఇండెక్స్ గడిలో సున్నా రాసి సంతకం పెట్టారు.